సంతకానికి ముందు

(నాయుడుపేటలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కలుసుకున్నామో ఆయన్ని ఈ ఊళ్ళో పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అందరూ పెద్దడాక్టరుగారు అనే అన్నారు. నేనూ అట్లాగే అంటాను. ఆయన గుండె డాక్టరు కాదు. జ్వరాలు, విరేచనాలు, తేలుకాట్లు, పాముకాట్లు చూసుకుంటూ జీవితం గడిపిన పాతకాలపు ఎంబీబీఎస్. కానీ దగ్గుకని తీసుకొచ్చిన బిడ్డ రొమ్ము మీద స్టెతస్కోపు పెడితే ఒకంతట తీసేవారు కాదు. ఏడ్చే పిలకాయల్ని తల్లి భుజాన వేయించి, నిద్రలోకి జారాక మళ్ళీ పెట్టి వినేవారు. గుండె చప్పుడు వెంట ఇంకో చప్పుడు వినబడితే తెల్లకాగితం మీద ఉత్తరం రాసి, మద్రాసు రైలెక్కించి ఎగ్మోరు పిల్లలాసుపత్రికి పంపేవారు. ఉత్తరం చేతికిచ్చేముందు అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి మూడు సంగతులు చెప్పేవారు. అక్కడ ఏం చేస్తారు, చేస్తే ఏం కావచ్చు, చెయ్యకపోతే ఏమవుద్ది. ఆ మూడూ వాళ్ళ నోటితో మళ్ళీ చెప్పించుకున్నాకే ఉత్తరం మడిచేవారు.

పసిబిడ్డల్లో, పిల్లల్లో గుండె క్యాథెటరైజేషన్ వల్ల వచ్చే ప్రమాదాల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను పిల్లల డాక్టర్ని. ఆ పని జరిగే క్యాథ్ ల్యాబ్‌లో గొట్టం పట్టుకునేదాన్ని కాదు. అక్కడికి పంపేదాన్ని, తిరిగొచ్చాక చూసేదాన్ని. కాబట్టి ఇది తలుపుకు ఇవతల నిలబడి చెప్పే మాట. చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ ప్రమాదం అందరికీ ఒకే అంకెగా ఉండదు. బిడ్డను బట్టి, చేసే పనిని బట్టి, చేసే చోటును బట్టి, ఏ వయసులో చేస్తున్నారన్నదాన్ని బట్టి మారిపోతుంది. దాన్ని సంతకానికి ముందే, మన తెలుగులో, మాట్లాడుకోవాలి. అందులో కొంత భాగం మన నాయుడుపేటలోనే ఉంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

చేసే పని చెప్పడానికి తేలికే. తొడ మొదట్లో రక్తనాళంలోకి సూది గుచ్చి, దాంట్లోంచి సన్నని తీగ, తీగ మీదుగా మెత్తని గొట్టం పంపిస్తారు. ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ ఆ గొట్టాన్ని గుండె గదుల్లోకి నడిపిస్తారు. లోపల ఒత్తిడి కొలవొచ్చు, ఎక్కడ ఆక్సిజన్ ఎంతుందో చూడొచ్చు, రంగుమందు వేసి బొమ్మలు తీయొచ్చు. సరిగా తెరుచుకోని కవాటాన్ని బెలూన్‌తో తెరవొచ్చు. పుట్టాక మూసుకుపోవాల్సిన నాళం మూసుకోకపోతే దాన్నీ, గోడలో మిగిలిపోయిన రంధ్రాన్నీ చిన్న పరికరంతో మూయొచ్చు. ఒకప్పుడు జబ్బేమిటో తేల్చడానికే ఇది చేసేవారు. ఇప్పుడు ఆ పని చాలావరకు గుండె స్కానింగ్, అంటే ఎకో, చేస్తుంది, మిగిలింది సీటీ, ఎంఆర్ఐ చేస్తాయి. ఇవాళ క్యాథ్ ల్యాబ్‌లోకి వెళ్ళే బిడ్డ ఎక్కువగా చికిత్సకే వెళ్తుంది. పరీక్షలో కన్నా చికిత్సలో ప్రమాదం ఎక్కువ. ఇంట్లో తాతకు చేయించిన యాంజియోగ్రామ్‌ను గుర్తుపెట్టుకుని ‘అదే కదా’ అనుకునే తల్లిదండ్రులకు ఈ తేడా తెలియదు. ‘రొమ్ము కొయ్యరు, కుట్లుండవు, రెండు మూడు రోజుల్లో ఇంటికొచ్చేస్తారు’ అని చుట్టాలు చెప్పింది నిజమే. కోత లేదు కాబట్టి ప్రమాదమూ లేదనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

మన ప్రాంతానికి ఈ చికిత్స దగ్గరికొచ్చి ఎక్కువ కాలం కాలేదు. గుండెజబ్బు బిడ్డకు అప్పట్లో దారి అంటే మద్రాసే. 1991 నవంబరులో పుట్టపర్తిలో సత్యసాయి ఆసుపత్రి తెరిచాక కొందరు అటు వెళ్ళారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కూలినాలి చేసుకునే ఇంటి బిడ్డ కూడా ఈ గుమ్మం తొక్కగలిగింది. పథకం పేరు ప్రభుత్వాన్ని బట్టి మారుతూ వచ్చింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం, పని మాత్రం ఆగలేదు, అది చాలు. 2021 అక్టోబరు 11న తిరుపతిలో, బర్డ్ ఆసుపత్రి ఆవరణలో, టీటీడీ వారి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం మొదలైంది. చిన్నపిల్లల గుండెల కోసమే ఒక ఆసుపత్రి, అదీ మన బస్సు దూరంలో. ఆర్నెల్లు తిరక్కముందే, 2022 ఏప్రిల్ 4న, మనం నెల్లూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాం. మద్రాసు నూరు కిలోమీటర్లు దాటి. తిరుపతి శ్రీకాళహస్తి మీదుగా అరవై చిల్లర. నలభై కిలోమీటర్లు తగ్గడం పటం మీద చిన్న సంగతి. ఊపిరాడని బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లికి కాదు.

ఈ విద్య ఎట్లా పుట్టిందో రెండు మాటల్లో చెప్పాలి. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు, పెద్దలు వద్దన్నా వినకుండా, తన మోచేతి దగ్గరి సిరలోంచి గొట్టాన్ని గుండెదాకా తోసుకుని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి బొమ్మ తీయించుకున్నాడు. చీవాట్లు తిన్నాడు. 1956లో, కోర్నాండ్, రిచర్డ్స్ అనే ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. ఆయన సాహసం అందరూ చెప్పుకుంటారు. నాకు అందులో వేరే సంగతి కనబడుతుంది. గుండె ఆయనదే, తెగింపూ ఆయనదే. పసిబిడ్డ విషయంలో గుండె ఒకరిది, సంతకం ఇంకొకరిది. ఆ తేడాను క్యాథ్ ల్యాబ్‌లో ఉన్నవాళ్ళు, బయట కూర్చున్నవాళ్ళు ఒక్క క్షణం కూడా మరవకూడదు.

ఇంకో పేరు విలియం రాష్‌కిండ్. అమెరికాలో ఫిలడెల్ఫియా పిల్లల డాక్టరు. గుండెలోంచి బయల్దేరే రెండు పెద్ద నాళాలు తారుమారుగా పుట్టిన బిడ్డల్లో మంచి రక్తం, చెడ్డ రక్తం దేని దారిన అది తిరుగుతూ ఉంటుంది. బిడ్డ నీలంగా మారి రోజుల్లోనో నెలల్లోనో పోతుంది. 1966లో రాష్‌కిండ్ బెలూన్ ఉన్న గొట్టాన్ని పై గదుల మధ్య సందులోంచి అవతలికి పంపి, ఉబ్బించి, ఒక్క లాగు ఇవతలికి లాగి గోడను చించే పద్ధతి చూపించారు. రెండు రక్తాలూ కలిశాయి, బిడ్డ రంగు మారింది. ఇవాళ ఇది చాలాచోట్ల పసికందుల ఐసీయూ మంచం మీదే, బొడ్డు సిర గుండా, ఎకో చూసుకుంటూ చేస్తారు. గుండె గోడ చించడం వినడానికే భయం. కానీ చెయ్యకపోతే బిడ్డ దక్కదు. ఇట్లాంటి చోట ప్రమాదం ఎంత శాతం అని లెక్కపెట్టుకుంటూ కూర్చునే తీరిక ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పెద్దవాళ్ళకు చేసే పనే పసిబిడ్డకు చేస్తే ఎందుకంత తేడా?

మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి పావు లీటరు. అంటే రెండున్నర టీ గ్లాసులు. పరీక్షలకని, గొట్టం మార్చేటప్పుడు కారిందని, కళ్ళముందే పాతిక మిల్లీలీటర్లు పోయిందనుకోండి, పెద్దమనిషికి అర లీటరు పోయినట్టే. అందుకే పసిబిడ్డ క్యాథ్ అంటే రక్తం సిద్ధంగా పెట్టుకునే మొదలుపెడతారు. దాత కోసం మిమ్మల్ని పరిగెత్తిస్తే విసుక్కోకండి.

రక్తనాళం సంగతి. సన్నని నాలుగు ఫ్రెంచి సైజు గొట్టం మందం ఒక మిల్లీమీటరు మీద కొంచెం. దాన్ని పంపేందుకు నాళంలో ముందుగా వేసే తొడుగు రెండు మిల్లీమీటర్లకు దగ్గర. పసికందు తొడ ధమని వెడల్పే రెండు మూడు మిల్లీమీటర్లు. తొడుగు ఉన్నంతసేపూ ఆ కాలికి రక్తం పోయే దారి దాదాపు మూసుకున్నట్టే. తీసేశాక నాళం బిగుసుకుపోవచ్చు, రక్తం గడ్డకట్టొచ్చు. పిల్లల క్యాథెటరైజేషన్‌లో అన్నిటికన్నా తరచుగా వచ్చే చిక్కు గుండెలో రాదు, కాల్లో వస్తుంది. రాకుండా హెపారిన్ ఇస్తారు, వచ్చినా చాలామందికి మందులతోనే దారి తెరుచుకుంటుంది. కొందరికి తెరుచుకోదు. పక్క నాళాలు ఆదుకుంటాయి కాబట్టి కాలు నిలుస్తుంది కానీ, రేపు అదే బిడ్డకు మళ్ళీ క్యాథ్ అవసరమైతే ఆ దారి ఉండదు. ఎదిగే వయసులో ఆ కాలు కొంచెం పొట్టిపడే అవకాశమూ ఉంది.

అందుకే వార్డులో మంచి నర్సమ్మ చేసే ఒక పని నాకు చాలా ఇష్టం. బిడ్డను లోపలికి తీసుకుపోయేముందే రెండు పాదాల మీదా నాడి వెతికి, దొరికిన చోట బాల్‌పెన్నుతో చిన్న ఇంటూ గుర్తు పెడుతుంది. తిరిగొచ్చాక మొదటి గంటలో పావుగంటకోసారి ఆ గుర్తు మీద వేలు పెట్టి చూస్తుంది. వేలికి అందకపోతే చిన్న డాప్లర్ యంత్రం పెట్టి వింటుంది. రెండు పాదాలనూ రెండు అరచేతుల్లో పట్టుకుని ఏది చల్లగా ఉందో పోల్చుకుంటుంది. తల్లి మంచం మీద వంగి, బిడ్డ మోకాలు మడవకుండా చేత్తో ఆపుకుని నాలుగైదు గంటలు కూర్చుంటుంది. బిడ్డ ఎత్తుకోమని ఏడుస్తుంది. ఎత్తుకుంటే తుంటి మడత పడుతుంది, గజ్జల్లో రక్తం ఉబుకుతుంది. ఆ నాలుగైదు గంటల్లో తల్లి చేసేది కూడా వైద్యమే. ఆ మాట ఆమెకు ముందే చెబితే ఇంకా బాగా చేస్తుంది.

గుండె గోడలు. నెలల బిడ్డ గుండె పై గది గోడ కాగితమంత పల్చన. గొట్టం కొన తగిలితే గుండె లయ తప్పుతుంది. చాలాసార్లు గొట్టం వెనక్కి లాగితే సర్దుకుంటుంది, కొన్నిసార్లు షాక్ ఇవ్వాల్సి వస్తుంది. అరుదుగా గోడ చిల్లుపడి గుండె చుట్టూ సంచిలో రక్తం చేరి, గుండెను కొట్టుకోనివ్వకుండా నొక్కేస్తుంది. నిమిషాల్లో సూదితో ఆ రక్తం తీయాలి, అవసరమైతే రొమ్ము తెరవాలి. పక్క గదిలో గుండె సర్జన్ ఉన్నాడా అన్న ప్రశ్న అందుకే వస్తుంది. రంగుమందు ఎక్కువైతే పసి మూత్రపిండాలు తట్టుకోలేవు, కాబట్టి బరువును బట్టి హద్దు పెట్టుకుంటారు. ఏసీ గదిలో గుడ్డలు లేకుండా పడుకోబెట్టిన పసికందు ఒళ్ళు చల్లబడుతుంది, చల్లబడిన బిడ్డకు ప్రతి చిక్కూ రెట్టింపవుతుంది. ఇక మత్తు. పెద్దవాళ్ళయితే మెలకువతో ఉండి మాట్లాడుతూ చేయించుకుంటారు. పిల్లలకు మత్తివ్వక తప్పదు, గుండెజబ్బు బిడ్డకు మత్తివ్వడం దానికదే ఒక చదువు. ఎక్స్‌రే కిరణాల ప్రభావం ఆ రోజు కనబడదు. ఎదిగే ఒళ్ళు, ముందున్న దీర్ఘాయుష్షు, రెండింటివల్లా పిల్లల్లో దాని బరువు ఎక్కువ. అందుకే తెలిసినవాళ్ళు కిరణాలను తెరలు తెరలుగా, ఎంత తక్కువతో పని జరుగుతుందో అంతే వాడతారు.

అంకెలు అడుగుతారు, చెప్పాలి. కెనడాలో టొరాంటో పిల్లలాసుపత్రి వాళ్ళు తమ దగ్గర వరసగా జరిగిన 4,952 క్యాథెటరైజేషన్ల లెక్క 1998లో ప్రచురించారు. ఏదో ఒక చిక్కు వచ్చింది 8.8 శాతంలో. అందులో ఎక్కువ భాగం చిన్నవి, అన్నిటికన్నా తరచుగా వచ్చినవి రక్తనాళానికి సంబంధించినవి. చనిపోయింది ఏడుగురు. ఆ ఏడుగురిలో ఐదుగురు ఏడాది నిండనివాళ్ళు. ఈ చివరి వాక్యమే అసలు వాక్యం. సగటున వెయ్యికి ఒకటిన్నర మరణం కూడా లేదు, కానీ ఆ భారంలో ఎక్కువ భాగం పసికందుల మీదే పడింది. పదేళ్ళ పిల్లకు గోడ రంధ్రం మూసే రోజూ, వారం బిడ్డకు బృహద్ధమని కవాటం బెలూన్‌తో తెరిచే రోజూ ఒకే ఫారం మీద సంతకం చేయిస్తాం. రెండూ ఒకటి కావు. ఇప్పటి డాక్టర్లు బిడ్డ వయసు, బరువు, ఊపిరితిత్తుల ఒత్తిడి, గుండెకు మందుల ఆసరా ఉందా, చేసే పని ఏ తరగతిది, ఇవన్నీ కలిపి మార్కులు వేసి ప్రమాదం అంచనా కడుతున్నారు. కాబట్టి ‘మామూలుగా ఎంత శాతం’ అని అడక్కండి. ‘మా బిడ్డకు ఎంత’ అని అడగండి.

పని పనికీ దాని చిక్కు దానిది. మూసుకోని నాళాన్ని, పై గదుల మధ్య రంధ్రాన్ని మూసే పరికరాలు నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ తీగతో అల్లినవి. సన్నని గొట్టంలో మడుచుకుని పోయి, అవతల విచ్చుకుంటాయి. ‘గొడుగు’ అంటారు మనవాళ్ళు, మంచి పేరే. సరిగా కుదురుకోకపోతే జారి రక్తంతో పాటు కొట్టుకుపోతాయి. అప్పుడు ఉచ్చులాంటి తీగ పంపి పట్టి లాగుతారు, దొరక్కపోతే ఆపరేషనే. పై గదుల రంధ్రం మూసిన గొడుగు అంచు, చాలా అరుదుగా, గోడను ఒరుసుకుని ఒరుసుకుని చిల్లు పెడుతుంది. ఎక్కువగా మొదటి రోజుల్లో, అప్పుడప్పుడు ఏళ్ళ తర్వాత కూడా. కింది గదుల మధ్య కొన్ని రంధ్రాల పక్కనే గుండెకు విద్యుత్తు మోసే తంతువు పోతుంది. అక్కడ గొడుగు నొక్కితే లయ ఆగిపోయి పేస్‌మేకర్ దాకా పోవచ్చు. సరిగా తెరుచుకోని ఊపిరితిత్తుల కవాటానికి బెలూన్ వెయ్యడం వీటన్నిటిలో నమ్మదగిన పని. 1982లో జాన్స్ హాప్కిన్స్‌లో జీన్ కాన్ అనే డాక్టరమ్మ దారి చూపించింది, ఇవాళ ఆ జబ్బుకు మొదటి చికిత్స అదే. ఫాలో టెట్రాలజీ ఉన్న నీలిబిడ్డల్లో గొట్టం కొన తగిలి, ఊపిరితిత్తులకు పోయే ఇరుకు దారి ఇంకా బిగుసుకుని బిడ్డ ఒక్కసారిగా నల్లబడొచ్చు. మన దేశంలో ఇంకొకటుంది. కీళ్ళవాతం జ్వరం వల్ల కవాటం బిగిసిపోయిన పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు. వాళ్ళకూ బెలూనే. అది పుట్టుకతో వచ్చింది కాదు, గొంతునొప్పిని పట్టించుకోకపోవడం వల్ల వచ్చింది. దాని మీద ఇంకో సభ పెట్టుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మన ఊళ్ళలో రోజూ కనిపించేది. పెద్ద రంధ్రం ఉన్న బిడ్డకు ఊపిరితిత్తుల్లోకి రక్తం అవసరానికి మించి, ఒత్తిడితో పోతూ ఉంటుంది. నెలల వయసులో రొప్పుతుంది, పాలు తాగుతూ తాగుతూ చెమటలు కారుస్తుంది, బరువు పెరగదు, మాటిమాటికీ నిమ్ము చేస్తుంది. అప్పుడు చికిత్స అంటే ఇంట్లోవాళ్ళు భయపడతారు. ‘కొంచెం పెద్దదవనీ, తట్టుకుంటుంది’ అంటారు. ఏడాదో రెండేళ్ళో తిరిగేసరికి నిజంగానే బిడ్డ బాగుపడ్డట్టు కనబడుతుంది. రొప్పు తగ్గుతుంది, కాస్త ఒళ్ళు చేస్తుంది. మొక్కు ఫలించిందనుకుంటారు. జరిగింది వేరు. ఒత్తిడికి తట్టుకోలేక ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడ్డాయి. అక్కడికి పోయే రక్తం తగ్గింది కాబట్టి రొప్పు తగ్గింది. ఇప్పుడు రంధ్రం మూయొచ్చా, మూస్తే బిడ్డ బతుకుతుందా అని తేల్చడానికే క్యాథ్ చేయాలి. నాళాల బిగువు కొలవాలి, ఆక్సిజన్ పెట్టి మళ్ళీ కొలవాలి. అట్లా ఒత్తిడి పెరిగిపోయిన బిడ్డకు క్యాథ్ మామూలు బిడ్డ కన్నా చాలా ప్రమాదం. మత్తులో ఊపిరితిత్తుల నాళాలు ఒక్కసారిగా ముడుచుకుంటే గుండె ఆగిపోతుంది. ఆ గండం గడిచినా, కొందరికి ‘ఇక మూయకూడదు’ అనే తీర్పు వస్తుంది. చిన్న ప్రమాదానికి జడిసి పెద్ద ప్రమాదం దగ్గరికి మనమే నడుచుకుంటూ వెళ్ళాం అన్నమాట. పెద్దడాక్టరుగారి మూడో సంగతి, చెయ్యకపోతే ఏమవుద్ది, ఇందుకే.

సంతకం దగ్గరికి వస్తాను. పెళ్ళకూరు వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి నాకు తన ఫోనులో ఒక ఫొటో చూపించాడు. ఏ ఆసుపత్రో అనవసరం. రెండు పేజీల ఫారం, అంతా ఇంగ్లీషు, కింద తన సంతకం. ‘పెట్టేసినానమ్మా, దీంట్లో ఏముందో కాస్త చదివి చెప్పు’ అన్నాడు. ఏముందనుకుంటున్నావు అని అడిగాను. ‘ఏమన్నా అయితే వాళ్ళకు సంబంధం లేదని రాయించుకుంటారు గదా’ అన్నాడు. మన జనంలో నూటికి తొంభైమంది ఆ కాగితాన్ని అట్లాగే అర్థం చేసుకుంటారు. చట్టం అట్లా చెప్పదు. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరి 16న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చేసే పని ఏమిటి, ఎందుకు, దానివల్ల మేలెంత, వేరే దారి ఉందా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవి చెప్పి తీసుకున్నదే ఒప్పుకోలు. లక్షకొకటి జరిగే ప్రతిదీ ఏకరువు పెట్టనక్కర్లేదని కూడా అన్నది, అదీ న్యాయమే. పెద్దడాక్టరుగారు ఆ తీర్పు చదవలేదు, కానీ ఆయన ఉత్తరం ఇచ్చేముందు చెప్పినవి ఇంచుమించు అవే.

తోటి డాక్టర్లకు ఒక మాట, కొంచెం కటువుగానే. మనం రెండు వాక్యాలకు అలవాటుపడ్డాం. ఒకటి ‘ఏం కాదు లెండి’. రెండోది ‘ఏమైనా కావచ్చు, రాసివ్వండి’. మొదటిది ధైర్యం చెప్పినట్టుంటుంది, రెండోది నిజం చెప్పినట్టుంటుంది. రెండూ వివరించే శ్రమ తప్పించుకునే మాటలే. తల్లికి పదిహేను నిమిషాలు కూర్చుని బొమ్మ గీసి చెప్పండి. ‘ఈ కాలు చల్లబడొచ్చు, మందు ఇస్తాం. అరుదుగా గుండె చుట్టూ రక్తం చేరొచ్చు, అప్పుడు ఆపరేషన్ చేయాల్సి రావొచ్చు, సర్జన్‌గారు ఉన్నారు. మీ బిడ్డ బరువు తక్కువ కాబట్టి మామూలు కన్నా మేం ఎక్కువ జాగ్రత్తగా ఉంటాం.’ ఇంతే. చదువురాని తల్లికి ఇది అర్థం కాదనుకోవడం మన అహంకారం.

తల్లిదండ్రులు అడగాల్సినవీ ఎక్కువ లేవు. ఇది పరీక్షా, చికిత్సా. ఇప్పుడే చేయాలా, బరువు పెరిగాక చేస్తే నష్టమా. ఇదే పని ఇంత చిన్నపిల్లలకు ఇక్కడ తరచుగా చేస్తుంటారా. అనుకోనిది జరిగితే సర్జన్, ఐసీయూ మంచం ఈ కప్పు కిందే ఉన్నాయా. అడిగితే డాక్టరు కోప్పడతాడేమోనని జంకకండి. మంచి డాక్టరు అడిగిన తల్లిదండ్రుల్ని గుర్తుపెట్టుకుంటాడు. కోప్పడేవాడైతే అదీ ముందే తెలియడం మంచిది.

నాయుడుపేట వంతు గురించి చెబుతానన్నాను. క్యాథ్‌కు ముందు నుంచే అది మొదలవుతుంది. కాన్పయిన మర్నాడు బిడ్డ కుడిచేతికి, ఒక పాదానికి పల్స్ ఆక్సీమీటరు పెట్టి చూడాలి. ఎక్కడైనా 90 కన్నా తక్కువుంటే వెంటనే ఎకోకు పంపాలి. ఏ ఒక్కచోటైనా 95 కన్నా తక్కువున్నా, రెండింటికీ మూడు కన్నా ఎక్కువ తేడా ఉన్నా మళ్ళీ పరీక్షించి, అదే వస్తే ఎకోకు పంపాలి. రెండు నిమిషాల పని. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీకి, బడికి వచ్చే బృందాలు వినికిడి, పళ్ళు, గుండె అన్నీ చూస్తాయి. ఆ రోజు పిల్లల్ని పొలానికి తీసుకుపోకండి. నీలిబిడ్డను పంపేటప్పుడు చల్లబడకుండా తల్లి రొమ్ముకు కరిపించి, చక్కెర పడిపోకుండా చూసి పంపాలి. నాళం తెరిచి ఉంచే ప్రొస్టాగ్లాండిన్ మందు నడుస్తుంటే దారిలో బిడ్డ ఊపిరి ఆగొచ్చు, అంబులెన్సులో గాలి కొట్టడం వచ్చిన మనిషి ఉండాలి. చల్లబడి, చక్కెర పడిపోయి చేరిన బిడ్డకు క్యాథ్ ల్యాబ్‌లో ఏ చిక్కు వచ్చినా దాని మొదలు మన దగ్గరే ఉంటుంది.

తేదీ దొరికాక బిడ్డకు జలుబు చేస్తే దాచిపెట్టే తల్లిదండ్రుల్ని చూశాను. ‘చెబితే వాయిదా వేస్తారు, మళ్ళీ ఎన్నాళ్ళకో’ అని దగ్గుమందు పోసి తీసుకుపోతారు. దగ్గున్న బిడ్డకు మత్తిస్తే ఊపిరి తిప్పలు పెడుతుంది. వాయిదా పడితే పడనీయండి. ఖాళీ కడుపు సంగతీ అంతే. తల్లిపాలు నాలుగు గంటల ముందు, పోతపాలు ఆరు గంటల ముందు ఆపమంటారు. ఏడుస్తున్నదని అవ్వ చాటుగా రెండు చెంచాలు పోస్తుంది. మత్తులో ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీలిబిడ్డను అవసరానికి మించి ఎండబెట్టకూడదు కూడా, వాళ్ళ రక్తం చిక్కన, గడ్డకట్టే గుణం ఎక్కువ. కాబట్టి గంటలు ఎంతని కచ్చితంగా అడిగి రాసుకోండి.

తిరిగొచ్చాక. గజ్జల దగ్గర రక్తం కారితే గుడ్డ మీద గుడ్డ కట్టొద్దు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, గుచ్చిన గుర్తుకు కొంచెం పైన రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి పది నిమిషాలు తీసి చూడకుండా పట్టుకోండి. అప్పటికీ ఆగకపోతే 108. కాలు చల్లగా, తెల్లగా అయినా, నీలంగా మారినా తెల్లారేదాకా ఆగొద్దు. జ్వరం వస్తే ఊళ్ళో సూది వేయించేముందు గుండె పరికరం పెట్టారని చెప్పండి. నాళం మూసిన బిడ్డకు మూత్రం ఎర్రగా వస్తే పరికరం పక్కనుంచి రక్తం జోరుగా కారుతూ కణాలు పగులుతున్నాయేమో చూడాలి. పై గదుల రంధ్రం మూసిన బిడ్డ ఒక్కసారిగా పాలిపోయినా, కళ్ళు తిరిగి పడినా, రొమ్ము నొప్పన్నా, రొప్పినా, మూడోరోజైనా మూడో ఏడైనా, వెంటనే ఎకో తీయాలి. మామూలుగా ఆరునెలలు ఆస్పిరిన్ ఇస్తారు. బాగుందని మధ్యలో ఆపొద్దు. ఆ రోజుల్లో అమ్మవారు పోసినా, ఫ్లూ జ్వరం వచ్చినా ఆస్పిరిన్ వాడుతున్నామని డాక్టరుకు చెప్పాలి. ఆ ఆరునెలల్లో పన్ను పీకించాల్సి వస్తే ముందు యాంటిబయాటిక్ పడాలి. ఆర్ఎంపీ సోదరులకు ఇది నా విన్నపం కూడా. మీ దగ్గరికే ముందు వస్తారు, వద్దన్నా వస్తారు. గజ్జల్లో చిన్న మచ్చ కనబడిన బిడ్డకు నొప్పిమాత్ర ఇచ్చేముందు ఒక ఫోను చేయండి.

చివరగా పెద్దాసుపత్రుల వాళ్ళకు ఒక అభ్యర్థన. మీ డిశ్చార్జి కాగితం బాగుంటుంది, కొలతలన్నీ ఉంటాయి, అది మా కోసం. దాంతో పాటు తల్లి కోసం ఒక్క పేజీ తెలుగులో ఇవ్వండి. ఏం చేశారు, ఏ పరికరం పెట్టారు, ఏ మందు ఎన్నాళ్ళు, ఏం కనబడితే రావాలి, అర్ధరాత్రి ఎత్తే ఫోను నంబరు ఏది. ఇక్కడున్న తల్లులారా, ఆ పేజీ ఇవ్వకపోతే అడగండి. ఇచ్చేదాకా బస్సెక్కకండి.